రైట్‌రైట్ అక్కా, రాని చీటీ

ఎన్నికల్లో నిలబడ్డ మనిషిని, అదీ పదేళ్ళుగా గెలుస్తూ వస్తున్న మనిషిని, ఇద్దరు గన్‌మెన్లతో సహా పట్టపగలు కిడ్నాప్ చేసిన ఆడమనిషి ఈ దేశం మొత్తమ్మీద ఒక్కతే ఉంది. కత్తి చూపలేదు, తుపాకీ చూపలేదు, గొంతు కూడా పెంచలేదు. తలమీద వేలాడే తాడొకటి లాగకుండా ఊరుకుంది, అంతే. వెనకాల నలభై కార్లు వెంటపడ్డాయి. ముప్పై అనేవాళ్ళూ ఉన్నారుగానీ వాళ్ళు బళ్ళో కూడా లెక్కల్లో తప్పినవాళ్ళే. ఆ రోజు ఆకాశంలో హెలికాప్టరు తిరిగిందని ఒట్టేసి చెప్పేవాళ్ళు బస్టాండు టీకొట్టు దగ్గర ఇప్పటికీ నలుగురున్నారు. అందులో ఇద్దరికి చూపు సరిగ్గా ఆనదు, అది వేరే సంగతి.

ఆమెను అందరూ రైట్‌రైట్ అక్క అంటారు. పొద్దున్న ఆరింటికి పెద్ద ఊరికి బయల్దేరే ఎక్స్‌ప్రెస్ బస్సుకి ఇరవై ఒక్క ఏళ్ళుగా కండక్టరు. బస్సు కదలాలంటే తాడు రెండుసార్లు లాగి "రైట్ రైట్" అంటుంది. ఆగాలంటే ఒకసారి లాగి "హోల్డాన్" అనాలి. ఈ రెండో మాట ఆమె నోట్లోంచి రాబట్టడం కంటే బండరాయిని పిండి నూనె తీయడం సులువు. ఎక్స్‌ప్రెస్‌కి నాలుగు గంటల దారిలో స్టాపు ఒక్కటే, సగందారి బస్టాండు. ఒకసారి సొంత మామగారు బస్సెక్కి, దారిలో మన ఇల్లే కదమ్మా, గుమ్మం ముందు దింపెయ్యి అన్నాడు. ఇంటి గుమ్మాన్ని, గుమ్మంలో నిలబడి చెయ్యూపుతున్న అత్తగారినీ దాటించి ఆయన్ని సగందారి బస్టాండులో దింపింది. ముసలాయన తిరుగుబస్సు పట్టుకుని సాయంత్రానికి ఇల్లు చేరాడు. ఆ తర్వాత చచ్చేదాకా ఆయన కోడలి బస్సు ఎక్కలేదు, కానీ ఊరంతా తిరిగి ఆ కథ తనే చెప్పుకుని మురిసిపోయాడు.

డ్రైవరు గేరు బాబాయ్ ఆమెకి తగ్గ జత. రిటైర్మెంటుకి రెండేళ్ళుంది. బెల్లు పడందే బ్రేకు వెయ్యడు. ఎదురుగా యముడొచ్చి చెయ్యెత్తినా, కండక్టర్ని అడగమంటాడు.

అందరికీ కోపమొస్తే గొంతు లేస్తుంది. రైట్‌రైట్ అక్కకి దిగుతుంది. చిల్లర లేదని కసిరేటప్పుడు ఆమె గొంతు ఆఖరి సీటుదాకా వినబడుతుంది, అది మామూలు. ఆ గొంతు పక్కసీటుకి కూడా వినబడనంత తగ్గిందంటే మాత్రం, తెలిసినవాళ్ళు కాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూచుంటారు.

ఇక ఆమె వదిన సంగతి. మొగుడికి అక్క. ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు పెద్దలు. ఈవిడ అర్ధంతో సరిపెట్టుకునే రకం కాదు, పూర్తి మొగుడి పెత్తనమే చేసింది. తపాలా ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఉత్తరాల మీద ముద్రలు కొట్టిన చెయ్యి. భర్త పోయాక తమ్ముడింట్లో ముందుగది ఆమెది. ఆ గదికున్న ఒకే ఒక కిటికీ మీద వదినా మరదళ్ళు పంతొమ్మిదేళ్ళు యుద్ధం చేశారు. వదిన మూసేది, దుమ్మొస్తుందని. మరదలు తీసేది, గాలి రాదని. మధ్యలో మిక్సీలు బాగుచేసుకునే ఆ తమ్ముడు, ఇద్దరికీ భయపడి, ఆ కిటికీకి ఎదురుగా ఎప్పుడూ కూచోలేదు.

మూడేళ్ళ కిందట వదినకి రెండు మూత్రపిండాలూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు మంగళ, గురు, శనివారాల్లో ఒంట్లోని రక్తాన్ని మిషన్లోంచి పోనిచ్చి శుభ్రం చేయించుకోవాలి. డయాలసిస్ అంటారు. ఆ మిషన్ పెద్ద ఊరి పెద్దాసుపత్రిలో తప్ప ఇంకెక్కడా లేదు. వెళ్ళడానికి నాలుగు గంటలు, మిషన్ మీద నాలుగు గంటలు, రావడానికి నాలుగు గంటలు. అంటే బతకడానికి వారంలో మూడు రోజులు ఖర్చు. మిగతా నాలుగు రోజులు ఆ మూడు రోజుల నుంచి తేరుకోవడానికి ఖర్చు.

ఆరింటి ఎక్స్‌ప్రెస్‌లో అలాంటివాళ్ళు పదకొండు మంది. ఎవరి సీటు వాళ్ళది. తొమ్మిదో నంబరు దర్జీ మాస్టారు, పద్నాలుగు వదిన, కిటికీ పక్కన. ఆ కిటికీ మీదా గొడవే. వదిన మూస్తుంది, టికెట్లు కొట్టుకుంటూ వచ్చిన మరదలు తీస్తుంది. తిరుగు ప్రయాణంలో మాత్రం కిటికీ జోలికి ఎవరూ పోరు. మిషన్ మీంచి లేచాక వదిన పిక్కలు రాళ్ళలా బిగుసుకుపోతాయి. మరదలు భుజాన సంచీతోనే సీటు పక్కన నేలమీద కూచుని పిక్కలు నొక్కుతుంది. నొక్కుతున్నంతసేపూ తిడుతుంది. ఉప్పు ఎందుకు తిన్నావు, నీళ్ళు ఎక్కువ ఎందుకు తాగావు, నీకు బుద్ధెప్పుడొస్తుంది వదినా అని. వదిన కళ్ళు మూసుకునే, ఈ పిల్లకి పిక్క ఎక్కడుందో కూడా తెలీదు, నా తమ్ముడు ఎలా కాపురం చేస్తున్నాడో అంటుంది.

దేశానికంతా ఎన్నికలు ప్రకటించిన వారంలో, అలా కళ్ళు మూసుకునే ఉండి వదిన ఇంకో మాట అంది.

"ఓట్లయ్యేదాకా వస్తానే మరదలా. నా ఓటు నేను వేసుకుంటా. ఆ తర్వాత ఈ బస్సెక్కను."

సాయంత్రం అయిదింటికి కౌంటరు మూసేస్తామని చెప్పినట్టు చెప్పింది. బస్సెక్కకపోతే ఎన్ని రోజులు బతుకుతారో పదకొండు మందికీ తెలుసు. వారం, మహా అయితే పది రోజులు. రైట్‌రైట్ అక్క పిక్కలు నొక్కడం ఆపలేదు. తిట్టడం ఆపింది.

మన ప్రాంతానికి ఒక సాధన సమితి ఉంది. ఎన్నికలొచ్చిన నలభై రోజులే రాజధాని కళ్ళు మనమీద పడతాయి, ఆ నలభై రోజుల్లోనే ఇంత నిధులు, ఇంత పని అని అభ్యర్థులందరి చేతా సంతకాలు పెట్టించుకోవాలి అనేది సమితి సిద్ధాంతం. సిద్ధాంతంలో తప్పులేదు. అధ్యక్షుడు సిమెంటు కొట్టు పెద్దాయన. కార్యదర్శి రిటైరైన హెడ్మాస్టరు, ఊళ్ళో చదువు మానేసినవాళ్ళలో సగం మంది ఆయన బెత్తం చూసి మానేసినవాళ్ళే. ఈ సమితికి ఒక గొప్ప ఉంది. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా లోపల గొడవ రాలేదు. దేవుడి గదిలో దీపంలా కాపాడుకుంటూ వచ్చారు ఆ పేరుని.

రైట్‌రైట్ అక్క తన వారపు సెలవు పోగొట్టుకుని సమితి ఆఫీసుకి వెళ్ళింది. మన ఊరి ఆసుపత్రిలో ఆరు డయాలసిస్ మిషన్లు, వాటిని నడిపే టెక్నీషియన్లు ఇద్దరు, నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు ఒకటి కావాలని చెప్పింది. మిషన్లు అడిగితే సరిపోదా అన్నాడు హెడ్మాస్టరు. మనిషీ నీళ్ళూ లేకపోతే ఆ మిషన్ల మీద బట్టలారేసుకోవాలి అంది. మూడేళ్ళుగా పెద్దాసుపత్రి వరండాలో కూచుని ఆమె ఊరికే ఉండలేదు, ఏ గొట్టం ఎందుకో అడిగి తెలుసుకుంది. ఆయన గుండ్రటి అక్షరాలతో పదిహేడో నంబరుగా రాసుకున్నాడు.

అలా నలభై ఒక్క కోరికలు వచ్చాయి. అభ్యర్థుల దగ్గర్నుంచి కబురొచ్చింది: ఒకటే కాగితం, ఎనిమిదే అంశాలు, మించితే సంతకం పెట్టం. సమితి కూచుంది. ఎవరి కోరిక వాళ్ళకి ముద్దు. సిమెంటు పెద్దాయనకి విమానాశ్రయం కావాలి. ఒకాయనకి గడియారస్తంభానికి రంగురంగుల దీపాలు కావాలి. హెడ్మాస్టరుకి డిగ్రీ కాలేజీ కావాలి, అది ఆయన ముప్పై ఏళ్ళ కల. ఎవరూ తగ్గలేదు. గొంతులు లేవబోయాయి. అప్పుడు ముప్పై ఏళ్ళ పేరు పోతుందన్న భయంతో ఈ భూప్రపంచంలో ఇంకెవరికీ తట్టని ఉపాయం ఒకటి తట్టింది వాళ్ళకి. నలభై ఒక్క చీటీలు రాసి స్టీలు డబ్బాలో వేసి, టీ తెచ్చినతని చేత ఎనిమిది తీయించారు. విమానాశ్రయం వచ్చింది. రంగుదీపాలు వచ్చాయి. కాలేజీ వచ్చింది. సినిమా స్టూడియో కూడా వచ్చింది. పదిహేడో నంబరు రాలేదు. అందరూ చప్పట్లు కొట్టి, టీ తాగి ఇళ్ళకి పోయారు.

ఆ ఎనిమిదీ అచ్చేసిన కాగితం మర్నాడు బస్సు వెనకద్దానికి అంటించి ఉంటే చూసింది అక్క. చదివింది. పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివింది. డ్యూటీ దిగి నేరుగా హెడ్మాస్టరు ఇంటికి వెళ్ళింది. ఆయన ఎంతో ఓపిగ్గా చీటీల సంగతి చెప్పాడు. ఎంత పద్ధతిగా తీశారో, ముందు డబ్బా బోర్లించి ఖాళీగా ఉందని ఎలా చూపించారో కూడా చెప్పాడు.

"అంటే మాస్టారూ, మా వదిన ఉండాలా పోవాలా అని చీటీ తీశారన్నమాట," అంది.

"అలా అనకు అమ్మాయ్. ఎవరికీ అన్యాయం జరగలేదు. చీటీలన్నీ ఒకే సైజులో కత్తిరించాం."

దానికి ఆమె ఏదో అంది. గొంతు ఎంత దిగిపోయిందంటే రెండడుగుల దూరంలో ఉన్న హెడ్మాస్టరుకి కూడా వినబడలేదు. వినబడి ఉంటే ఆయన ఆ రాత్రి అన్నం తినేవాడు కాదు.

మూడువారాల్లో పోలింగ్ ఉందనగా, ఒక గురువారం పొద్దున్న, పదేళ్ళుగా గెలుస్తున్న పార్లమెంటు సభ్యుడు బస్టాండుకి వచ్చాడు. మూడోసారి నిలబడ్డాడు. సామాన్యుడితో కలిసి సామాన్యుడి బస్సులో ప్రయాణం చేస్తున్నట్టు ఫోన్లో లైవ్ ఇవ్వాలని ఆయన ప్రచారం మనిషికి తోచింది. ఏర్పాటు చాలా చిన్నది. బస్టాండులో ఎక్కాలి, మూడు కిలోమీటర్ల అవతల రైలు గేటు దగ్గర దిగాలి, అక్కడ కార్లు సిద్ధంగా ఉంటాయి. ఆరింటి ఎక్స్‌ప్రెస్ కొత్తగా రంగేసి ఉంది కాబట్టి ఆ బస్సునే ఎంచుకున్నారు. ఎక్స్‌ప్రెస్ అనే మాట బస్సు నుదుటిమీద మూరెడు అక్షరాలతో ఉంది. పదేళ్ళుగా బస్సు ముఖం చూడనివాళ్ళకి బోర్డు చదవడం ఎక్కడ గుర్తుంటుంది.

సభ్యుడు, ఇద్దరు గన్‌మెన్లు, ఫోన్ ఎత్తిపట్టుకున్న ప్రచారం మనిషి, సమితి తరఫున మర్యాదకి హెడ్మాస్టరు ఎక్కారు. సభ్యుణ్ణి పదమూడో నంబరులో, వదిన పక్కన కూచోబెట్టారు. ముసలావిడ పక్కనైతే బావుంటుందని. హెడ్మాస్టరు వాళ్ళ వెనకసీట్లో ఒదిగాడు. ప్రచారం మనిషి కండక్టరు వైపు ఫోన్ తిప్పి, టికెట్ కొట్టమ్మా అన్నాడు. ఎక్కడికి అంది ఆమె. ఎక్కడికైతేనేం, అంకె పెద్దదుంటే ఇంకా మంచిది, సారు డబ్బిచ్చి ప్రయాణం చేసినట్టు కనబడాలి అన్నాడు. ఆమె అయిదుగురికీ చివరిదాకా టికెట్లు కొట్టింది. తాడు రెండుసార్లు లాగింది.

"రైట్ రైట్."

రైలు గేటు వచ్చింది. గేటు ఎత్తే ఉంది. అవతల కార్లు బారుగా నిలబడ్డాయి, దండలు పట్టుకున్నవాళ్ళు రోడ్డు మీదికి వచ్చారు. సభ్యుడు లేచి చొక్కా సర్దుకున్నాడు.

"ఇక్కడ ఆపమ్మా."

"ఎక్స్‌ప్రెస్ అండీ. ఇక్కడ స్టాపు లేదు."

ఒక గన్‌మన్ తాడు వైపు చెయ్యి చాపాడు. ఆమె చెయ్యి అప్పటికే తాడు మీద ఉంది, లాగడానికి కాదు, ఎవరూ లాగకుండా. గేరు బాబాయ్ అద్దంలో చూశాడు. బెల్లు లేదు. బస్సు గేటు దాటింది, కార్లు దాటింది, దండలు దాటింది. ఒక దండ అద్దానికి తగిలి రోడ్డున పడింది.

కావాలంటే పోలీసుల చేత బస్సు ఆపించడం ఎంతసేపు. సభ్యుడు ఫోను తీశాడు కూడా. ప్రచారం మనిషి ఆయన చెవిలో గొణిగాడు, వెనకసీట్లో హెడ్మాస్టరుకి మాత్రం వినబడింది. లైవ్‌లో పన్నెండువేల మంది చూస్తున్నారు సార్, టికెట్ కొని మూడు కిలోమీటర్లకే దిగి పారిపోయాడంటారు సార్, నవ్వుతూ కూచోండి సార్. ఆయన నవ్వుతూ కూచున్నాడు. వెనకాల కార్లు హారన్లు కొడుతూ వస్తూనే ఉన్నాయి. రైట్‌రైట్ అక్క మిగతావాళ్ళకి టికెట్లు కొట్టుకుంటూ ముందుకు పోయింది.

అరగంట గడిచింది. ముందురోజు నాలుగు సభల్లో అరిచిన గొంతు ఎండిపోయి, కాసిని నీళ్ళున్నాయా అని అడిగాడు సభ్యుడు. ఆ చుట్టుపక్కల సీట్లలో ఎవరి దగ్గరా సీసా లేదు. ఇదేం బస్సు, ఒక్కరూ నీళ్ళు తెచ్చుకోరా అన్నాడు నవ్వుతూనే. ఎవరూ నవ్వలేదు. వదిన సంచీలోంచి తన సీసా తీసింది. దానికి సున్నంతో గీసినట్టు మూడు తెల్లటి గీతలున్నాయి.

"ఈ పై గీతదాకా తాగండి," అంది. "అది పొద్దుటిది. కిందివి మధ్యాహ్నానికీ రాత్రికీ. ఆ రెండూ నాక్కావాలి."

ఆయన అప్పటికే రెండు గుక్కలు తాగేశాడు. గీతలేమిటని అడిగాడు. డయాలసిస్ వాళ్ళకి రోజుకి నీళ్ళు కొలతేనని, ఎక్కువ తాగితే ఊపిరితిత్తుల్లో చేరుతాయని, అందుకే మిగతా పదిమందీ సీసాలే తెచ్చుకోరని, చూస్తే తాగాలనిపిస్తుందని వదిన చెప్పింది. దర్జీ మాస్టారు తొమ్మిదో సీట్లోంచి వెనక్కి తిరిగి, తను మూడేళ్ళుగా కుళాయి శబ్దం వినబడకుండా కుట్టుమిషన్ తొక్కుతున్నానని కలిపాడు. సభ్యుడు సీసా మూతపెట్టి మెల్లిగా వెనక్కి ఇచ్చాడు. ఆయన ముఖంలో సిగ్గు లేదనడం అబద్ధం. ఉంది, పావలా అంత. కానీ పదేళ్ళ అలవాటు దాన్ని వెంటనే మింగేసింది.

"ఇంత కష్టముందని నాకెవరూ చెప్పలేదే," అన్నాడు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "మీ సమితివాళ్ళు ఇచ్చిన కాగితం ఇదిగో, నిన్ననే సంతకం పెట్టా. విమానాశ్రయం ఉంది, స్టూడియో ఉంది. ఇందులో ఆసుపత్రి మాటే లేదు. మీవాళ్ళే అడక్కపోతే నేనేం చెయ్యను?"

బస్సులోని తలలన్నీ హెడ్మాస్టరు వైపు తిరిగాయి. ఆయన లేచి నిలబడ్డాడు. బడిలో ఇన్‌స్పెక్టరు అడిగినప్పుడు నిలబడ్డట్టు. అడిగామండీ, పదిహేడో నంబరు, చీటీలు తీశాం, అందులో రాలేదు అన్నాడు.

 వదిన నవ్వడం మొదలుపెట్టింది. దగ్గొచ్చేదాకా నవ్వింది.

"విన్నావుటే మరదలా. నా చీటీ రాలేదట."

రైట్‌రైట్ అక్క ముందుసీట్ల దగ్గర్నుంచి నడిచివచ్చింది. ఆమె గొంతు ఎంత దిగిందో చెప్పాలంటే, ప్రచారం మనిషి ఫోను ఆమె నోటి దగ్గరికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. అదే ఆ రోజు అతను చేసిన రెండో తప్పు.

ముందు సభ్యుడితో అంది. "పదేళ్ళు గెలిచారు. రోజూ ఆరుంబావుకి ఈ బస్సు మీ ఇంటి ముందునుంచే పోతోంది. మీకు చెప్పడానికి కాగితమెందుకండీ. ఒక్కరోజు కిటికీ తెరిచి చూస్తే సరిపోయేది."

తర్వాత హెడ్మాస్టరు వైపు తిరిగింది. "చీటీలన్నీ ఒకే సైజులో కత్తిరించామన్నారు. ఈవిణ్ణి చూడండి మాస్టారూ. మూడేళ్ళ కిందట మీ అంత మనిషి. కూర్చున్న సీటు నిండేది. ఇప్పుడు పక్కన సంచీ పెట్టుకున్నా చోటు మిగులుతోంది. మీకు గొడవ రాకూడదని మీరు చీటీలు తీశారు. గొడవ పడాల్సింది. కుర్చీలు విరగ్గొట్టుకునైనా పడాల్సింది."

హెడ్మాస్టరు జీవితంలో బెత్తం ఆయన చేతిలోనే ఉంది, ఎప్పుడూ ఆయన వీపున పడలేదు. ఆయన ఒకసారి వదిన వైపు చూశాడు. తర్వాత సభ్యుడి చేతిలోని కాగితం అడిగి తీసుకున్నాడు, జేబులోంచి పెన్ను తీశాడు. ఎనిమిదే ఉండాలి కదా అని తనలో తను అనుకున్నాడు. విమానాశ్రయం దగ్గర పెన్ను ఆగింది, రంగుదీపాల దగ్గర ఆగింది. ఇంకొకరి కోరిక కొట్టేసే హక్కు నాకు లేదు అన్నాడు. మూడో వరసలో డిగ్రీ కాలేజీ అని ఉంది. దానిమీద అడ్డంగా ఒక గీత గీశాడు. బస్సు ఊపుకి గీత వంకర పోయింది. దాని పక్కనే, ఆరు మిషన్లు, ఇద్దరు టెక్నీషియన్లు, నీటి శుద్ధి ప్లాంటు అని గుండ్రటి అక్షరాలతో రాశాడు.

ఆయనకి థాంక్స్ చెబుతుందనుకున్నారు అందరూ. "మొన్ననే చెయ్యాల్సింది," అంది అక్క.

సభ్యుడు కాగితం అందుకుని, కొత్త వరస పక్కన "పరిశీలిస్తాను" అని రాయబోయాడు. పరిశీలన అయిపోయిందండీ, మూడేళ్ళుగా ఈ పదకొండు మందీ చేస్తున్నది అదే, ఎప్పటిలోగా ఇస్తారో రాయండి అందామె. పన్నెండువేలు కాస్తా నలభైవేలయ్యాయి సార్ అని ప్రచారం మనిషి గొణిగాడు. గెలిచిన ఆర్నెల్లలో ఇప్పిస్తాను అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేశాడు సభ్యుడు. సగందారి బస్టాండు వచ్చింది. తాడు ఒకసారి మోగింది. "హోల్డాన్." ఆయన దిగాడు. కార్లు ఆయన్ని ఎక్కించుకుని వచ్చినదారినే పోయాయి. హెడ్మాస్టరు మాత్రం దిగలేదు. టికెట్ ఉంది కదా అని చివరిదాకా వెళ్ళి, పెద్దాసుపత్రి వరండాలో నాలుగు గంటలు కూచుని, సాయంత్రం అదే బస్సులో తిరిగొచ్చాడు. 

తర్వాతి వారం మిగతా ఇద్దరు అభ్యర్థులు కూడా ఆరింటి ఎక్స్‌ప్రెస్ కోసం పరిగెత్తుకొచ్చారు. ఇద్దరూ అడక్కుండానే చివరిదాకా టికెట్లు తీసుకున్నారు. అందులో ఒకాయన దయగల మహారాజు, పేషెంట్లకి పంచుదామని రెండు పెట్టెల నీళ్ళ సీసాలు తెచ్చాడు. తాగితే ఊపిరాడనివాళ్ళకి నీళ్ళు పంచి ఫోటో దిగిన ఘనుడు చరిత్రలో ఆయనొక్కడే. రైట్‌రైట్ అక్క ఆ పెట్టెలు రెండూ మెట్ల మీంచి కిందికి నెట్టేసి రైట్ రైట్ అంది. సంతకం మాత్రం పెట్టించుకునే పంపింది.

డిపో నుంచి మెమో వచ్చింది. ప్రయాణికుడు కోరినా బస్సు ఆపనందుకు సంజాయిషీ ఇవ్వమని. ఆమె రెండు మాటలు రాసిచ్చింది: స్టాపు లేదు. ఒక ఏడాది ఇంక్రిమెంటు ఆపేశారు. సమితిలో సిమెంటు పెద్దాయన మండిపడ్డాడు, అడక్కుండా కాగితం దిద్దుతారా అని. హెడ్మాస్టరు ఎదురుతిరిగాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి సమితి ఆఫీసులో కుర్చీ విరిగింది.

ఇవన్నీ జరుగుతున్నాయిగానీ వదిన తన మాట వెనక్కి తీసుకోలేదు. మరదలు అడగలేదు. అడిగితే కాదంటుందేమోనని భయం. సోమవారం పోలింగ్. వదిన తమ్ముడి స్కూటరు మీద వెళ్ళి ఓటేసి, వేలిమీద సిరా చుక్క చూసుకుంటూ వచ్చి ముందుగదిలో పడుకుంది. ఆ రాత్రి కిటికీ తీసి ఉందో మూసి ఉందో కూడా మరదలు చూడలేదు.

మంగళవారం తెల్లవారి ఆమె ఎప్పట్లాగే ముందుగా డిపోకి వెళ్ళిపోయింది. అయిదూ యాభైకి పదిమంది వచ్చి కూచున్నారు. పద్నాలుగు ఖాళీ. ఆరయింది. గేరు బాబాయ్ ఇంజను స్టార్ట్ చేసి బెల్లు కోసం చూశాడు. బెల్లు లేదు. ఒక నిమిషం అయింది. మూడయింది. బస్టాండు కంట్రోలరు వచ్చి గడియారం చూపించాడు. వెనకసీట్లలో తెలియనివాళ్ళు విసుక్కున్నారు. తెలిసిన పదిమందీ కిటికీల్లోంచి రోడ్డు వైపు చూస్తూ కూచున్నారు. మామగారి కోసం ఆగని మనిషి, సభ్యుడి కోసం ఆగని మనిషి, తాడు పట్టుకుని మెట్టుమీద నిలబడి ఉంది.

ఆరూ ఏడుకి స్కూటరు వచ్చింది. వదిన దిగి, తమ్ముడి భుజం మీద చెయ్యేసి, ఒక్కో అడుగే వేస్తూ వచ్చింది.

"ఏమే, ఏడు నిమిషాలు లేటు. సర్వీసు పాడుచేసుకున్నావా నాకోసం?"

మరదలు వదిన చేతిలోని సంచీ అందుకుంది. ఎక్కు వదినా అంది, గొంతులోనే. వదిన రెండో మెట్టుమీద ఆగి ఊపిరి తీసుకుంది.

"వాడు ఆర్నెల్లని రాశాడుగా. నా పక్కనే కూచుని, నా నీళ్ళు తాగి రాశాడు. ఆర్నెల్లూ ఉండి చూస్తా. ఇవ్వకపోతే వాణ్ణి నోరారా తిట్టి అప్పుడు పోతా."

ఆరు నెలల్లో కాలేదు, తొమ్మిది నెలలు పట్టింది. ఆ సభ్యుడే మళ్ళీ గెలిచాడు. నీళ్ళ ప్లాంటు వచ్చింది. ఆరు మిషన్లకి నాలుగే వచ్చాయి. ఇద్దరు టెక్నీషియన్లకి ఒక్కడే వచ్చాడు. ఒక్క మనిషి రోజుకి ఒక్క షిఫ్టే నడపగలడు. ఎనిమిదో నెలలో ఒక శనివారం తొమ్మిదో సీటు ఖాళీగా వెళ్ళింది, మళ్ళీ నిండలేదు. అంటే పదిమంది మిగిలారు, ఊళ్ళో చోటు, రోజు మార్చి రోజు నలుగురు చొప్పున, ఎనిమిది మందికే. పెద్ద డాక్టరు జాబితాలో వదిన పేరుంది. ఆమె కొట్టేయించుకుంది. వాళ్ళు రెండో మనిషిని పంపేదాకా ఆ బస్సు దిగను, దిగితే పనైపోయిందనుకుని హాయిగా నిద్రపోతారు అంది. మరదలు ఇంట్లో గిన్నెలు విసిరేసింది, రెండ్రోజులు అన్నం తినలేదు, మొగుడి మీద అరిచింది. ముసలావిడ కదల్లేదు. ఈ ఒక్క పోరులో రైట్‌రైట్ అక్క ఓడిపోయింది.

డయాలసిస్ గది ప్రారంభానికి సభ్యుడు వచ్చి రిబ్బను కత్తిరించాడు. ఆ బస్సు ప్రయాణమే తన కళ్ళు తెరిపించిందని ప్రసంగం చేశాడు. జనం వెనకాల, డ్యూటీ సంచీతో నిలబడ్డ కండక్టరు చుట్టూ పేపర్లవాళ్ళు చేరారు. నలభై కార్లు, హెలికాప్టరు, గన్‌మెన్ల చేతుల్లోంచి తుపాకులు లాక్కోవడం, అన్నీ అప్పటికే వాళ్ళ నోటుపుస్తకాల్లో ఉన్నాయి. అభ్యర్థిని కిడ్నాప్ చేసినప్పుడు మీకు భయమెయ్యలేదా అని అడిగాడొకడు. ఆమె జవాబు చెప్పింది. గొంతు చాలా తగ్గి ఉండటంతో వాళ్ళంతా మెడలు ముందుకు చాపాల్సి వచ్చింది.

"కిడ్నాపేం కాదు. చివరిదాకా టికెట్ తీసుకున్నాడు, సగందారిలో దిగిపోయాడు. ఇద్దర్ని పంపిస్తానని రాశాడు, ఒకణ్ణి పంపాడు. మావాళ్ళు ఇద్దరు ఇంకా ఆరింటి బస్సుకే వస్తున్నారు."